సారు ఐపోనాది

మా సింహాద్రి సారు ఇక లేరు. గోపాలపట్నంలో తన ఇంటి వరండాలో, ఆదివారం ఉదయం టీ తాగి, చదువుతున్న పేపరు ముఖం మీద కప్పుకుని కాసేపు కునుకు తీయబోయారు. ఎండ పొడ కాళ్ళ మీదికి వచ్చినా లేవకపోయేసరికి ఇంట్లోవాళ్ళు పేపరు తీసి చూశారు. అప్పటికే ప్రాణం పోయింది. డెబ్బై మూడేళ్ళ జీవితం అంత నిరాడంబరంగా ముగిసింది. ఆస్పత్రి లేదు, గొట్టాలు లేవు, ఎవరి చేతా చేయించుకున్నది లేదు. ఆ ఒక్క విషయంలో మాకందరికీ ఊరటగానే ఉంది.

ఆ సమయానికి నేను ద్వారకా నగర్‌లో ఒక టిఫిన్ హోటల్లో ఇడ్లీ ముక్క చేత పట్టుకుని ఉన్నాను. ఫోన్ చేసినవాడు సత్తిబాబు. సారు దగ్గర వెల్డింగ్ నేర్చుకుని, ఇప్పుడు ఓడల మరమ్మతు పనిలో ఉన్న శిష్యుడు.

"బావా, ఎక్కడున్నావు?"

"ద్వారకా నగర్‌లో. ఏం?"

"సారు ఐపోనారు బావా."

ఆ మాట వినగానే నాలో ముందు పుట్టింది దుఃఖం కాదు, ఆశ. ఇరవై రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఇంచుమించు ఇదే మాట విని, పరుగెత్తుకెళ్ళి, అది నిజం కాదని కళ్ళారా చూసుకున్నవాణ్ణి నేను. కానీ ఆనాడు నేను విన్నది 'ఐపోనాది'. సత్తిబాబు అన్నది 'ఐపోనారు'. ఆ చివరి అక్షరం దగ్గర నా ఆశ ఆగిపోయింది. చేతిలోని ముక్క ప్లేటులో పెట్టేశాను. అలా పెట్టేయడం వెనక కూడా ఒక సంగతి ఉంది. ఈ వ్యాసమంతా ఆ సంగతే.

ఆయన్ని ఎరగనివారి కోసం నాలుగు మాటలు. సింహాద్రి సారు దువ్వాడ దగ్గర ఒక ఐ.టి.ఐ.లో దాదాపు జీవితమంతా వెల్డింగ్ నేర్పారు. ఉక్కు నగరంలోనూ పోర్టులోనూ ఆయన చేతి కింద అతుకు నేర్చుకున్నవాళ్ళు ఎందరో. కథకుడిగా ఆయన్ని ఎరిగినవాళ్ళు మాత్రం కొందరే. నలభై చిల్లర కథలు, రెండు సంపుటాలు. రెండూ ఇప్పుడు ఎక్కడా దొరకవు. విజయనగరం వైపు పల్లెలోని వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చినా పొలాల గురించి ఆయన ఒక్క కథా రాయలేదు. బస్సులు, మెస్సులు, వర్క్‌షాపులు, అద్దె ఇళ్ళ వరండాలు, ఇవే ఆయన సాహిత్య క్షేత్రాలు. ఆ కథల్లో ఉపన్యాసాలుండవు. మనుషులు మాట్లాడుకుంటారు, మనం పక్కన నిలబడి వింటాం.

నేను కృష్ణా జిల్లా నుంచి బతుకుతెరువుకు వచ్చి, అదే ఐ.టి.ఐ.లో ఫిట్టర్ ట్రేడ్‌కు జూనియర్ ఇన్‌స్ట్రక్టర్‌గా చేరాను. కథలు రాయాలన్న కోరిక ఊరి నుంచే వెంట తెచ్చుకున్నాను. అది అంటుకున్నది మాత్రం ఆయన దగ్గర.

ఈ వ్యాసానికి మొదట రాసుకున్న ఆరంభం వేరు. "నేను దొంగను" అన్న వాక్యంతో మొదలుపెట్టాను. నాకు ఈ మాత్రం కథకుడన్న పేరు తెచ్చింది 'ఎంగిలి చెయ్యి' అనే ఒకే ఒక కథ. చదివినవాళ్ళంతా మెచ్చుకున్నది దాని ఆఖరి వాక్యాన్ని. ఆ వాక్యం నాది కాదని, సారు నోటి నుంచి తీసుకుని నా పేరుతో అచ్చు వేయించుకున్నానని ఇరవై రెండేళ్ళు నమ్ముతూ బతికాను. ఆయన బతికుండగా ఒప్పుకునే ధైర్యం లేకపోయింది. సంస్మరణ సంచిక వేస్తున్న మిత్రులు వ్యాసం అడిగినప్పుడు, కనీసం ఇప్పుడైనా ఒప్పుకుందామని కూర్చున్నాను. రెండు పేజీలు రాశాను కూడా. అవి చింపేయవలసి వచ్చింది. ఎందుకో క్రమంగా చెబుతాను.

కథ ఎక్కడ పుడుతుందన్న ప్రశ్నకు సారు దగ్గర సిద్ధాంతమేదీ లేదు. పనితనం ఉంది. ఆయన వెల్డింగ్ క్లాసు నేను ఎన్నోసార్లు గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు రెండు ఇనుప పలకలను ఒకదానికొకటి గట్టిగా ఆనించి అతకబోతారు. ఎంత దగ్గరగా ఉంటే అంత బలమని వాళ్ళ ఊహ. సారు వచ్చి సుత్తితో ఆ రెండింటినీ విడదీసేవారు.

"రెండూ ముట్టీసుకుంటే మెటల్ ఎక్కడికి దిగుతాదిరా? కాస్త గేపు ఒదలండి. బలం ఆ గేపులోనే ఉంటాది."

క్లాసు అయ్యాక టీ తాగుతూ నాతో అనేవారు: "కతా అంతే పెసాదూ. ఒకడు అన్నదానికీ ఇంకొకడు ఇన్నదానికీ మద్దిన కాస్త గేపు ఉండాల. అందులోకే కత దిగుతాది." నన్ను ప్రసాద్ అని ఆయన ఎన్నడూ పిలవలేదు. నేను ఆయనకు పెసాదునే.

ఒకసారి ద్వారకా నగర్‌లో ఒక సాహిత్య సభ జరిగింది. సారు కంటే ముందు మాట్లాడిన పెద్దమనిషి సృజన రహస్యాన్ని గురించి ముప్పావు గంట ప్రసంగించారు. అంతరాత్మ, ఆర్తి, అనిర్వచనీయ స్ఫురణ, చాలా మాటలు దొర్లాయి. తర్వాత సారు లేచారు. ముందు వరుసలోని ఒక అమ్మాయి నిజంగానే తెలుసుకోవాలని అడిగింది: "మీకు కథాలోచనలు ఎక్కడి నుంచి వస్తాయి సార్?"

"గాజువాక దాటినాకమ్మా" అన్నారు సారు.

సభ నవ్వింది. ఆయన నవ్వలేదు. గాజువాక దాటాక బస్సులో నిలబడటానికి కూడా చోటుండదని, అప్పుడే తన పని మొదలవుతుందని ఓపిగ్గా వివరించారు. "కూకుంటే పక్కోడి మాటే ఇనబడతాది. నిలబడితే నాలుగు సీట్ల మాటలు సగం సగం ఇనబడతాయి. ఆ సగమే మనక్కావాలి. రెండో సగం మనమే కట్టుకోవాలి." బస్సులో ఎవరు నిలబడి ఉన్నా లేచి సీటిచ్చే ఆయన మర్యాదను మేమంతా ఎంతో గౌరవించేవాళ్ళం. మర్యాద కంటే స్వార్థం పాలే ఎక్కువని ఆ రోజు తెలిసింది.

అలా ఏరుకొచ్చిన మాటల్ని ఆయన రోజువారీ కేలండరు కాగితాల వెనక రాసేవారు. మాట, దాని కింద 'ఇచ్చినోడు' అని రాసి ఒక పేరు. పేరు తెలియకపోతే గుర్తు: కండక్టరు, ఎర్ర చీరావిడ, మందుల షాపు తాత. ఆ కాగితాలన్నీ పాత బిస్కట్ల డబ్బాలో ఉండేవి. కథ అచ్చయ్యాక ఆ పత్రిక పట్టుకుని, మాట ఇచ్చిన మనిషిని వెతుక్కుంటూ వెళ్ళి, కథంతా కాదు, వాళ్ళ మాట ఉన్న ఒక్క వాక్యం చదివి వినిపించి వచ్చేవారు. చాలామందికి తాము ఆ మాట అన్నట్టే గుర్తుండేది కాదు. "నాను అన్నానేటి?" అని ఆశ్చర్యపోయేవారు. ఆ ఆశ్చర్యం చూడటానికే వెళ్తానని సారు చెప్పేవారు.

దీనివల్ల తగాదాలు కూడా వచ్చాయి. పక్కింటాయన తన భార్య అన్న మాట కథలో కనబడిందని రెండేళ్ళు సారుతో మాట్లాడలేదు. "మాట ఒక్కటీ తీసుకున్నాను, ఆవిణ్ణి తీసుకోలేదు కదా" అని సారు సమర్థించుకోబోయి వ్యవహారం ఇంకా చెడగొట్టారు. ఆ రెండేళ్ళూ ఆ ఇల్లాలు మాత్రం, తన మాట అచ్చులో వచ్చిందన్న గర్వంతో, పెరటి గోడ మీదుగా కూరలు పంపుతూనే ఉంది.

ఆయనలో లోపాలు లేవని అనను. మొండి మనిషి. ఎదుటివాడి రచన నచ్చకపోతే ముఖం మీదే ఆవలించేవారు. పెళ్ళిళ్ళకు పిలిస్తే మరచిపోయేవారు. సలహా అడిగితే పని చెప్పేవారు. సత్తిబాబుకు ఒక దశలో కథలు రాయాలన్న సరదా పుట్టి, "ఏదైనా ఐడియా ఇవ్వండి సారూ" అని అడిగాడు. సారు వాణ్ణి హార్బరుకు పంపారు, ఒక చేప, ఒక మాట తెమ్మని. వాడు మంచి కోనాం చేప మోసుకుని వచ్చాడు. "మాటేదిరా?" అంటే దిక్కులు చూశాడు. "సేప తెచ్చావు, మాట తేలేదు. నువ్వు వెల్డింగే సేసుకో" అని, ఆ చేప వండించి వాడికే పెట్టారు. సత్తిబాబు ఇప్పటికీ ఈ సంగతి చెప్పి నవ్వుతాడు. తన బతుకు బాగుపడింది ఆ చేప వల్లేనంటాడు.

ఇక ఆనాటి సంగతి. అప్పటికి నేను ఇక్కడికి వచ్చి రెండు నెలలు. ఇక్కడి యాస ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. దువ్వాడ స్టేషన్‌కు దగ్గర్లో సన్యాసమ్మ అనే ఆవిడ నడిపే చిన్న మెస్సులో సారూ నేనూ రోజూ కలిసి భోంచేసేవాళ్ళం. ఆ ముందు రోజు సాయంత్రం సారుకు ఛాతీలో నొప్పి వస్తే ఇంటికి తీసుకెళ్ళారు. మర్నాడు ఆయన పనికి రాలేదు. ఫోన్ చేసి కనుక్కుందామంటే అప్పుడు మా ఇద్దరి దగ్గరా సెల్ లేదు. దిగులుగానే మెస్సుకు వెళ్ళి ఒక్కణ్ణే కూర్చున్నాను. సారు ఇంటి వైపు మనుషులు మెస్సుకు వస్తూ పోతూ ఉంటారు కదా, సన్యాసమ్మకు ఏదైనా కబురు తెలిసి ఉంటుందనిపించింది. సరిగ్గా అప్పుడే స్టేషన్‌లోకి గూడ్సు బండి వస్తోంది. ఆ మోతలో గొంతు పెంచి అడిగాను:

"సారు ఎలా ఉన్నారమ్మా?"

ఆవిడ గరిటె పట్టుకుని వెనక్కి తిరిగింది. "సారు ఐపోనాది బాబూ. ఇప్పుడే. మజ్జిగ పొయ్యనా?"

ఈ ఊరివాళ్ళకు విడమరచి చెప్పనక్కర్లేదు. ఇక్కడ చేపలు సేపలు, చెయ్యి సెయ్యి, చారు సారు. బండి మోతలో నా ప్రశ్న ఆవిడకు చారు కోసం అడిగినట్టు వినబడింది. ఆవిడ చెప్పింది గిన్నెలో చారు అయిపోయిందని. నేను విన్నది మా సారు అయిపోయారని. 'ఐపోనాది' అన్నప్పుడైనా అనుమానం రావలసింది. ఇక్కడివాళ్ళు పెద్దవాళ్ళను కూడా అలాగే అంటారు కాబోలనుకున్నాను. మనిషి పోయాడని చెప్పి, వెంటనే మజ్జిగ పొయ్యనా అని అడిగే కాఠిన్యానికి మాత్రం ఒళ్ళు మండింది.

చావు కబురు వింటే కంచం ముందు నుంచి లేచిపోవాలి. మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ నేర్పినది అది. నేను లేచాను. చెయ్యి కడుక్కోకుండానే బస్సెక్కాను. ఎడమ చేత్తో రాడ్ పట్టుకుని, ఎండిపోతున్న కుడి చెయ్యి పైకెత్తి పట్టుకుని గాజువాక, ఎన్.ఏ.డి. జంక్షన్ దాటుకుంటూ గోపాలపట్నం చేరాను. దారి పొడవునా జనం నా చేతిని చూసి దూరం జరగడం గుర్తుంది. సందు మొదట్లో గుంపు లేదేమిటా అనుకోవడం గుర్తుంది. వరండా మెట్లెక్కి చూస్తే, సారు పీట మీద కూర్చుని, పథ్యానికి పెట్టిన చారన్నం తింటూ ఉండటం గుర్తుంది.

"ఏటిరా, సెయ్యి ఎంగిలి?" అన్నారు.

ఆ తర్వాత నేను ఏడ్చాను. ఏమేమో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు. సారు దగ్గు వచ్చేదాకా నవ్వారు. ఛాతీ నొప్పి గ్యాసు వల్లేనని డాక్టరు తేల్చేశాడట.

వారం తర్వాత ఇద్దరం బస్సులో వస్తున్నాం. ఆయన అలవాటు ప్రకారం నిలబడి ఉన్నారు. ఆయన నిలబడితే నేనూ నిలబడాలి. హఠాత్తుగా అన్నారు: "అది కత పెసాదూ. సరిగ్గా ఇన్నోడు కబురు మోత్తాడు. తప్పుగా ఇన్నోడు కత రాత్తాడు. ఆకర్న ఆడు ఏటంటాడో తెలుసా?" అని, గొంతు మార్చి చెప్పారు: "ముద్ద మింగేసే వచ్చానండీ."

మిగతా కథంతా నాకు జరిగినదే. కానీ దాన్ని నవ్వులాట నుంచి లేవనెత్తి కథ చేసేది ఈ వాక్యం. చావు కబురు విన్న మనిషి, చేతిలో ఉన్న ముద్దను ఆకలికి తాళలేక మింగేసి అప్పుడు బయల్దేరాడు. ఆ చిన్న అపరాధం, దాన్ని పోయాడనుకున్న మనిషి ముందే ఒప్పుకోవడం. ఇంత సూక్ష్మమైన ఊహ సారుకు తప్ప ఎవరికి తడుతుంది? ఆ రాత్రే కూర్చుని రాశాను. ఆయన రాసేలోపే రాసేయాలన్న తొందరతో రాశానని ఇప్పుడు దాపరికం లేకుండా చెబుతున్నాను. అడగకుండా పత్రికకు పంపాను. అచ్చయింది. ఉత్తరాలు వచ్చాయి. అన్ని ఉత్తరాల్లోనూ ఆ వాక్యమే.

మాట ఇచ్చిన మనిషిని వెతుక్కుంటూ వెళ్ళే గురువుకు శిష్యుణ్ణయి ఉండి, పత్రిక తీసుకుని నేను ఆయన దగ్గరికి వెళ్ళలేదు. ఆయనే దువ్వాడ స్టేషన్‌లో కొనుక్కుని చదివారు. మర్నాడు వర్క్‌షాపులోకి వచ్చి, "బాగున్నాది" అన్నారు. అంతే. నా కథ ఏది చదివినా అరగంట తిట్టే మనిషి, ఆ ఒక్క కథకు ఒక్క మాటతో సరిపెట్టారు. ఆ ఒక్క మాటలో నేను నూరు అభియోగాలు విన్నాను.

అప్పటి నుంచీ ఆయన ముందు కుదురుగా కూర్చోలేకపోయాను. వెళ్ళేవాణ్ణి, టీ తాగేవాణ్ణి, ఆరోగ్యం అడిగేవాణ్ణి. రాసినవి చూపించడం మానేశాను. క్రమంగా రాయడమే తగ్గిపోయింది. కలం పట్టుకుంటే, ఇది ఎవరిదో అన్న అనుమానం ముందు వచ్చి కూర్చునేది. "ఏటి రాత్తన్నావు?" అని ఆయన అడిగితే పని ఎక్కువగా ఉందనేవాణ్ణి. ఆయన నా ముఖంలోకి కాసేపు చూసి మాట మార్చేవారు. ఇరవై రెండేళ్ళలో ఆ కథ ప్రస్తావన మా ఇద్దరి మధ్యా మళ్ళీ రాలేదు.

పదో రోజున సారు భార్య వరహాలమ్మ గారు నన్ను లోపలికి పిలిచి బిస్కట్ల డబ్బా చేతిలో పెట్టారు. ఆవిణ్ణి నేను పిన్నీ అంటాను.

"తన తరవాత ఇది నీకియ్యమని మీ సారు ఎప్పుడో అన్నాడు బాబూ. నాకు ఇందులో ఏటీ తెలీదు."

అందులో ఏముంటుందో నాకు తెలుసు. నా ఆఖరి వాక్యం, దాని కింద ఆయన సొంత పేరు. దొంగతనానికి రుజువు నాకే అప్పగించి వెళ్ళారనుకున్నాను. ఇంటికి తీసుకెళ్ళి ఒంటరిగా చూసే ధైర్యం లేక, అక్కడే వరండాలో, ఆయన కూర్చునే పీట పక్కన కూర్చుని వెతికాను. వందల కాగితాలు. ఆ సంవత్సరానివి ఒక దారంతో కట్టి ఉన్నాయి. నేను ఎంగిలి చేత్తో పరుగెత్తిన ఆ రోజు కాగితం దొరికింది. వెనక ఇలా ఉంది:

"సారు ఐపోనాది. ఇచ్చినోలు: సన్యాసమ్మ, పెసాదు. ఇద్దరూ కలిసి."

దాని కింద:

"ముద్ద మింగేసే వచ్చానండీ. ఇచ్చినోడు: పెసాదు. మా వరండాలో, ఏడుత్తా."

నేను నాలుగైదుసార్లు చదివాను. నమ్మకం కుదరలేదు. నన్ను కాపాడటానికి ఆయన తర్వాత రాసిపెట్టారేమోనన్న దురాలోచన కూడా వచ్చింది. డబ్బా పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను.

"పిన్నీ, ఆ రోజు నేను ఏమన్నానో మీకేమైనా గుర్తుందా?"

"ఏ రోజు?"

"సారు పోయారనుకుని వచ్చిన రోజు."

ఆవిడ కూర తరగడం ఆపి నవ్వారు. పది రోజుల్లో ఆవిడ నవ్వడం అదే మొదలు. "గుర్తు లేకేటి. నాను నీళ్ళ సెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. సెయ్యి కడుక్కోమంటే కడుక్కోవు. ఆ సెయ్యే సూపించి ఏడుత్తన్నావు. ముద్ద మింగేసే వచ్చానండీ, మింగేసే వచ్చానండీ అని రెండుసార్లు అన్నావు."

"నాకు గుర్తే లేదు పిన్నీ. ముద్ద మింగిందీ, ఆ మాట అన్నదీ కూడా."

"ఏడ్సినోడికి ఏటి గుర్తుంటాది? ఇన్నోలికి ఉంటాది గాని."

అప్పుడు ఆ వాక్యాన్ని మళ్ళీ చూశాను. ఇరవై రెండేళ్ళుగా నా కళ్ళ ముందే ఉన్న సాక్ష్యం అప్పుడు కనిపించింది. 'మింగేసే వచ్చానండీ.' అది మా కృష్ణా జిల్లా మాట. సారు కల్పించి ఉంటే 'మింగీసి వొచ్చినాను' అని ఉండేది. ఎవరి నోటి మాటను వాళ్ళ నోటి మాటగానే రాయడం ఆయన నియమం, ఒక్క అక్షరం మార్చేవారు కాదు. బస్సులో గొంతు మార్చి చెప్పినప్పుడు ఆయన పాత్రను అభినయించడం లేదు, నన్ను అనుకరిస్తున్నారు. నా మాట నాకు తిరిగి ఇస్తున్నారు. నేను దాన్ని ఆయన మాటగా విన్నాను. ఆ రోజు కూడా తప్పుగానే విన్నానన్నమాట.

"మరి ఆయన నాకెందుకు చెప్పలేదు పిన్నీ?"

"నువ్వడిగావేటి?"

కాగితం అంచున బాణం గుర్తు వేసి ఉంది. ముందు వైపు తిప్పాను. తేదీ పక్కనున్న ఖాళీలో, వేరే సిరాతో: "అచ్చయినాది. నాను ఎక్కువ మాటాడకూడదు. మాటాడితే ఇందులో నా సెయ్యి ఉన్నాదనుకుంటారు. అడిగితే ఈ కాయితం ఇయ్యాల."

'బాగున్నాది' అన్న ఆ ఒక్క మాట అభియోగం కాదు. శిష్యుడి కథ మీద గురువు నీడ పడకుండా పక్కకు తప్పుకోవడం. ఆ రోజు పత్రిక ఇంటికి తెచ్చి పిన్ని చేత నాలుగుసార్లు చదివించుకున్నారట. ఆయన గేపు వదిలారు. అందులోకి నేను అపరాధాన్ని పోసుకున్నాను.

కళ్ళనీళ్ళు వచ్చాయి. పోయారని వచ్చిన నీళ్ళు కావవి. గుండె మీద నుంచి బరువు దిగిపోయినప్పుడు వచ్చేవి. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేదన్న పశ్చాత్తాపం ఉంది. అది ఉంటుంది, ఉండనివ్వండి. కానీ ఆ వరండాలో కూర్చుని నేను గుండె నిండా ఊపిరి పీల్చుకున్నాను.

సభల్లో 'తీరని లోటు' అంటారు. ఆ మాట సారుకు గిట్టేది కాదు. "తీరకపోతే ఊరుకోవాల, దానికి మైకెందుకు?" అనేవారు. కాబట్టి ఆ మాట వాడను. ఒకటి మాత్రం చెప్పుకోవాలి. ఈ నగరంలో ఇప్పటికీ బస్సులు కిటకిటలాడుతున్నాయి. మనుషులు మాట్లాడుతూనే ఉన్నారు. ఎవరు ఏ మాట అన్నారో పేరుతో సహా రాసుకుని, అన్నవాడే మరచిపోయాక తెచ్చి చేతిలో పెట్టే మనిషి లేడు. కథ ఎక్కడి నుంచి వస్తుందని నన్ను ఎవరైనా అడిగితే ఇక తడుముకోను. మనమే ఎప్పుడో నోరు జారి అన్న మాట, ఎవరో విని దాచిపెడితే, చుట్టూ తిరిగి మన దగ్గరికే వస్తుంది. ఆ దాచిపెట్టే మనిషి దొరకడం అదృష్టం. నాకు దొరికారు. ఆయనకు నా నమస్సులు.

పెద్దకర్మ నాడు భోజనాలకు కూర్చున్నాం. నా పక్కన సత్తిబాబు. సన్యాసమ్మ మెస్సు ఎత్తేసి చాలాకాలమైంది. మనిషి బాగా పెద్దదయిపోయింది. అయినా కబురు తెలిసి దువ్వాడ నుంచి వచ్చి, ఆయనకిష్టమైన చారు తానే కాస్తానని పొయ్యి దగ్గర కూర్చుంది. కాయడమే కాదు, వడ్డన కూడా ఎవరికీ ఇవ్వలేదు. బకెట్టు పట్టుకుని, విస్తరి విస్తరికీ ఆగి ఆయాసం తీర్చుకుంటూ వస్తోంది. నా దగ్గర ఆగింది. నన్ను గుర్తుపట్టినట్టు లేదు.

"సారు ఉన్నాది బాబూ. పొయ్యమంటావా?"

ఆ 'ది' నాకు స్పష్టంగానే వినబడింది. ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉన్నవాణ్ణి, ఆ మాత్రం తేడా తెలుసు. అయినా తప్పుగానే విన్నాను. ఈసారి కావాలనే విన్నాను.

"పొయ్యమ్మా" అన్నాను. కలుపుకుని, ఆఖరి ముద్ద దాకా మింగేసే లేచాను.